నానమ్మ ఫోన్‌లో కెమెరా లేదు

గోప్యత అనే మాట డిగ్రీలో తెలుగు సాహిత్యం చదువుతున్నప్పుడు పుస్తకాల్లో చూశానే గానీ, మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. మా ఇంట్లో వినిపించే మాట ‘దాపరికం’. అదీ తిట్టులాగే. "మనలో మనకి దాపరికం ఏమిటే?" అనేది అమ్మ. "దాచావంటే ఏదో ఉన్నట్టే" అనేది నాయనమ్మ. గుట్టు అనే మాట కూడా ఉండేది గానీ, అది ఇంటికి సంబంధించింది. ఇంటి గుట్టు వీధిలోకి పోకూడదు. ఇంట్లో ఉన్న ఒక్కో మనిషికీ తనదంటూ ఒక గుట్టు ఉండొచ్చని మాత్రం ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నలభై అయిదేళ్ళు వచ్చాక ఆ మాటకి అర్థం మా అమ్మాయి నేర్పింది. ఈవేళ ఆ సంగతే రాస్తున్నాను. ముందు తనకి చూపించాను. చదివి, రెండు చోట్ల కొట్టేసి, "ఇప్పుడు పెట్టుకో" అంది. కాబట్టి చదువుతున్నప్పుడు ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే, అది తను ఉంచమన్న ఖాళీ అనుకోండి.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. రెండు గదులు, ఒక వసారా, ఏడుగురు మనుషులం. లోపలినుంచి గడియ పడే గది ఒక్కటే, అందులో ధాన్యం బస్తాలు ఉండేవి. నేను పెద్దమనిషినైనప్పుడు పందిరి వేసి, మైకు సెట్టు పెట్టి, ఊరందరికీ భోజనాలు పెట్టారు. మర్నాటినుంచి బడిలో మగపిల్లలు నన్ను చూసి ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకోవడం ఇప్పటికీ గుర్తే. నెలకి మూడ్రోజులు వసారాలో చాప మీద కూర్చుంటే, పాలు పోసే అబ్బాయితో సహా వీధి వీధంతటికీ తెలిసిపోయేది. ఫోన్ ఎదురింట్లో ఉండేది. వాళ్ళ నంబరు రాసి పక్కన పి.పి. అని పెట్టి చుట్టాలకి ఇచ్చేవాళ్ళం. ఫోనొస్తే వాళ్ళబ్బాయి వీధిలోంచి కేకేసేవాడు. వాళ్ళ హాల్లో టీవీ సౌండు తగ్గించి, ఇంటిల్లిపాదీ నా మొహంలోకి చూస్తుంటే మాట్లాడేదాన్ని.

ఇవన్నీ బాధగా చెప్పడం లేదు. అప్పుడు బాధ అనిపించలేదు కూడా. అందరిళ్ళల్లోనూ అంతే కదా. ఒక్క సంగతి మాత్రం మర్చిపోలేకపోయాను.

2000 సంవత్సరం వేసవి. బి.ఏ. ఆఖరి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఏలూరునుంచి నా స్నేహితురాలు ఇన్‌లాండ్ లెటర్ రాసింది. పేరు నాదే అయినా, పోస్టు తీసుకున్న నాన్నే విప్పారు. కళ్ళజోడు లేక బాబాయి చేతికిచ్చారు. బాబాయి వసారాలో కూర్చుని గట్టిగా చదివారు. ఉత్తరంలో ఏముంది? చూసిన సినిమా, కుట్టించుకున్న ఓణీ, వాళ్ళన్నయ్య పెళ్ళిచూపులు. చివర్లో ఒక్క ముక్క. ‘నువ్వు చెప్పిన విషయం ఎవరితోనూ అనలేదులే. వీలు చూసుకుని నువ్వే మీ నాన్నగారితో చెప్పు.’

ఇంకేముంది! "ఏమిటా విషయం?" అని అందరూ ఒక్కసారే నా మీద పడ్డారు. అమ్మ మొహం పాలిపోయింది. చివరికి ఏడుస్తూ చెప్పాను. విశాఖపట్నం వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. తెలుగు చదవాలని ఉంది, అదీ విషయం. "ఇంతేనా! నేనింకేదో అనుకున్నాను" అని బాబాయి నవ్వేశారు. నాన్న నవ్వలేదు. శ్రావణమాసంలో సంబంధాలు చూడ్డం మొదలుపెట్టారు.

నేనెప్పుడో ఒక మంచి రోజు చూసుకుని, నాన్న పొలంనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని స్థిమితపడ్డాక, మంచినీళ్ళిచ్చి చెబుదామనుకున్నాను. అలా చెబితే ఒప్పుకునేవారని కాదు. ఒప్పుకునేవారు కాదేమో కూడా. కానీ ఆ మాట చెప్పే రోజు నాది. దాన్ని బాబాయి గొంతు తీసేసుకుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయినా ఆ రాత్రి నన్ను బట్టలు లాగి వసారాలో నిలబెట్టినట్టు అనిపించింది.

ఇంత గుర్తున్న మనిషిని, నా కూతురి విషయంలో నేనేం చేశానో చూడండి.

మేం ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాం. 2015లో మావారు నాకు మొదటి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చేసరికి మా అమ్మాయికి ఏడేళ్ళు. అప్పట్నుంచి అది నవ్వినా ఫోటోనే, ఏడ్చినా ఫోటోనే. పన్ను ఊడితే నోరు తెరిపించి ఒకటి. జ్వరంతో పడుకుంటే ‘మా బంగారానికి దిష్టి తగిలింది’ అని ఒకటి. ఎక్కాలు రాక ఏడుస్తున్న వీడియో పెడితే ఎంతమంది నవ్వు బొమ్మలు పెట్టారో! స్కూలు యూనిఫాంలో, బ్యాడ్జి మీద పేరూ క్లాసూ స్కూలూ కనబడేలా ప్రతి జూన్‌లోనూ ఒకటి. పిల్ల ఏ బళ్ళో చదువుతుందో, ఎన్నింటికి బస్సెక్కుతుందో ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెబుతున్నానన్న ఆలోచనే రాలేదు. పిల్లని చూసి మురిసిపోవడం తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. ఉద్దేశం మంచిదైతే చాలనుకున్నాను.

తనకి పదమూడేళ్ళప్పుడు ఒకసారి అంది. "అమ్మా, నా ఫోటో స్టేటస్‌లో పెట్టేముందు ఒక్కసారి అడుగు." నేనేమన్నానో తెలుసా? "నిన్ను కన్నదాన్ని. నీ పర్మిషన్ అడగాలా?" నాయనమ్మ గొంతు నాలోంచి వచ్చినట్టు వచ్చింది.

ఇప్పుడు తను ఇంటర్ సెకండియర్. ఈమధ్య ఒంట్లో ఒక ఇబ్బంది వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. స్కానింగు తీశారు. ఏమిటి, ఎందుకు అన్నది రాయను. భయపడాల్సింది కాదు, మందులతో, తిండితో సర్దుకునేదే అన్నారు. అయినా తల్లి మనసు కదా! ఆ రాత్రి తొమ్మిదింటికి రిపోర్టు ఫోటో తీసి, మా పుట్టింటి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కలు, చెల్లెళ్ళు, వదినలు, పిన్నులు, నాతో కలిపి పదిహేను మందిమి. అందులో పెద్దమ్మ కూతురు నర్సు. తనని అడుగుదామని పెట్టాను. తన ఒక్కదానికే విడిగా పంపొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ తర్వాత అదే అడుక్కున్నాను. కానీ అలవాటు! కూర మాడినా గ్రూపే, గుండెల్లో నొప్పొచ్చినా గ్రూపే.

రిపోర్టు మీద పిల్ల పూర్తి పేరు, వయసు, నా ఫోన్ నంబరు, అన్నీ ఉన్నాయి. అయిదు నిమిషాల్లో సలహాలు కురిశాయి. మెంతులు నానబెట్టి తాగించమని ఒకరు, ఫలానా హోమియో డాక్టరని ఒకరు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎంతమంది ఉన్నారో నా కూతురికి అని.

పది రోజుల తర్వాత భీమవరంలో మా మేనత్తగారి మనవడి పెళ్ళి. బంతి భోజనాల్లో మా అమ్మాయి, దాని ఈడు పిల్లలూ ఒక వరసలో కూర్చున్నారు. పిన్ని వరసైన ఆవిడ వడ్డన చూస్తూ అటుగా వచ్చి దాని దగ్గర ఆగారు. "ఏమ్మా, మందులు వాడుతున్నావా? మీ అమ్మ గ్రూపులో రిపోర్టు పెడితే చూశాంలే. ఏం బెంగపడకు, పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయి." ఆవిడ గొంతు సహజంగానే పెద్దది. ప్రేమగానే అన్నారు. పక్కన పిల్లలు, ఎదురు వరసలో మగపిల్లలు అందరూ తలెత్తి చూశారు. మా అమ్మాయి ఏమీ అనలేదు. విస్తరి మధ్యకి మడిచి, లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది.

కారులో రాజమండ్రి దాకా ఒక్క మాట లేదు. ఇంటికొచ్చాక నేనే కదిపాను. తప్పు చేశానని తెలుస్తూనే ఉంది, అందుకే ముందు కోపం వచ్చింది. "నువ్వు మాత్రం ఇన్‌స్టాలో పెట్టవా? తిన్నదీ తిరిగిందీ ఊరందరికీ చూపించవా? అక్కడ లేని సిగ్గు చుట్టాల దగ్గర వచ్చిందా?"

అది నా మొహంలోకి చూసి నెమ్మదిగా అంది. "అక్కడ ఏం పెట్టాలో నేను ఎంచుకుంటానమ్మా. ఎవరు చూడాలో కూడా నేనే ఎంచుకుంటాను. పెట్టింది తక్కువా ఎక్కువా అని కాదు. ఇది నాది. నువ్వు పెట్టావు."

సమాధానం దొరకలేదు. వసారాలో బాబాయి చేతిలో నీలంరంగు ఇన్‌లాండ్ లెటర్ కళ్ళముందు కనిపించింది.

తర్వాత మామూలుగానే ఉంది. కాలేజీకి వెళ్ళొచ్చేది, అన్నం తినేది, అడిగితే జవాబు చెప్పేది. మందులు వేసుకున్నావా అంటే "ఊఁ" అనేది. నేనూ అంతా సర్దుకుందనే అనుకున్నాను. నెల పైన గడిచాక ఒకరోజు మందుల డబ్బా సర్దుతుంటే, ఒక రకం మాత్రలు సగానికి సగం అలాగే ఉన్నాయి. గుండె ఝల్లుమంది. అడగబోతుంటే మా అత్తగారు వంటింట్లోకి పిలిచారు.

"అమ్మాయ్, దాన్నేమీ అనకు. ఆ మాత్ర పడక వాంతులవుతున్నాయిట. మూడు వారాలైంది మానేసి. నాకు చెప్పింది. నేనే నచ్చజెబుతున్నా, డాక్టరమ్మకి చెప్పి మార్పించుకోమని. రేపు వెళ్దామని ఒప్పుకుంది. నీకు కూడా నన్నే చెప్పమంది."

మూడు వారాలు! పక్క గదిలో పిల్ల వాంతులు చేసుకుంటుంటే నాకు తెలియదు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. ఎదురింటివాళ్ళతో కబుర్లు మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగిపోయినా పట్టదు. అలాంటిది మూడు వారాలు ఈ ఒక్క సంగతీ కడుపులో పెట్టుకున్నారు.

రాత్రి దాని మంచం మీద కూర్చుని అడిగాను, నాకెందుకు చెప్పలేదురా అని. అటు తిరిగి పడుకునే అంది. "నానమ్మ ఫోన్‌లో కెమెరా లేదమ్మా."

అత్తగారిది పాత నొక్కుడు బటన్ల ఫోన్. కొత్తది కొనిస్తామంటే వద్దంటారు. ఆ మాటకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇంకా ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

మర్నాడు డాక్టరు మాత్ర మార్చారు. ఇప్పుడు బాగానే ఉంది. అయితే మానేసిన మూడు వారాల్లో ఏదైనా అయ్యుంటే? నన్ను ఇప్పటికీ నిద్రపట్టనివ్వని ప్రశ్న అది. చుట్టాలకి తెలిసిందన్నది చిన్న నష్టం. నా పిల్లకి నొప్పొస్తే నాకు చెప్పకూడదు అనిపించేలా చేసుకున్నాను, అదీ నా నష్టం.

గ్రూపులోంచి రిపోర్టు తీసేద్దామని చూస్తే, అందరి ఫోన్లలోంచీ చెరిపే గడువు దాటిపోయింది. రెండు రోజుల పైచిలుకు మాత్రమే ఉంటుందట. ఇక చేసేది లేక ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను, పద్నాలుగు మందికీ. వారం పట్టింది. పెద్ద పిన్నికి ఎలా చెరపాలో తెలియదు. "మూడు చుక్కలు ఎక్కడున్నాయే, నాకు రెండే కనిపిస్తున్నాయి" అంటుంటే ఇరవై నిమిషాలు చెప్పాను. ఒక వదిన బాగా నొచ్చుకుంది. "మేమేమైనా పరాయివాళ్ళమా? అక్కరకి అడిగావు, చెప్పాం. ఇప్పుడు దొంగల్లా చూస్తున్నావు" అంది. ఆవిడ బాధా నిజమే. మంచి ఉద్దేశంతోనే ఎవరో తెలిసినాయనకి పంపించిందిట. అక్కడినుంచి ఎటు పోయిందో గానీ, మావారి ఆఫీసులో ఒకాయన "అమ్మాయికి ఒంట్లో బాగుండటం లేదటగా" అని పరామర్శించారు.

ఇంకొకామె, ఎవరో చెప్పను, నా మాట విని కాసేపు ఊరుకుంది. తర్వాత అంది. "రెండేళ్ళ క్రితం నా రిపోర్టు కూడా ఇదే గ్రూపులో పెట్టారు వదినా, నన్ను అడక్కుండా. ఎవరితోనూ అనలేకపోయాను." నాకు గుర్తుంది. అప్పుడు కింద సలహా రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

వెనకటి రోజుల్లో మనకి మరుగెక్కడిది, ఇప్పుడే ఏదో పోయిందని ఏడవడమెందుకు అని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. నా చిన్నప్పుడు మాత్రం ఎక్కడుంది? కానీ అప్పుడు కబురు నోటి మీద నడిచేది. నాలుగు నోళ్ళు మారేసరికి అరిగిపోయేది, నాలుగు నెలలకి పాతబడేది. ఎవరైనా అడిగితే ‘అబ్బే, అదేం లేదు’ అనడానికి వీలుండేది. ఇప్పుడు కబురు కాగితంతో సహా వెళ్తుంది. పేరు, తేదీ, సంతకం అన్నీ ఉంటాయి. ఇరవై ఏళ్ళ తర్వాత తీసినా నిన్నటిలాగే ఉంటుంది. ఫోన్‌లో చెరిపినా బ్యాకప్‌లో ఉండిపోవచ్చు.

తెలుగులో ఒక తమాషా ఉంది. ‘చాటు’ అంటే మరుగు. చెట్టుచాటు, కొంగుచాటు అంటాం. అదే ‘చాటు’ క్రియ అయితే నలుగురికీ చెప్పడం, దండోరా వేయడం. చాటింపు అందులోంచే కదా! చాటునుంచి చాటింపుకి ఇప్పుడు ఒక వేలి నొక్కు దూరం. మా అమ్మాయికి చెబితే "చాటింగ్‌ని మర్చిపోయావు" అంది. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వుకున్నాం.

ఈ గొడవ తర్వాత కొంత చదివాను. వాట్సాప్‌లో మెసేజీకి దారిలో తాళం ఉంటుంది. పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. 2016నుంచీ అందరికీ ఆ ఏర్పాటు ఉంది. కానీ నేను పద్నాలుగు మంది చేతుల్లో పెట్టాక ఆ తాళం ఏం కాపాడుతుంది? 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో, గోప్యత మనిషికి ప్రాథమిక హక్కని చెప్పింది. ఆధార్ మీద కోర్టుకి వెళ్ళిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన జడ్జి. తీర్పు వచ్చేనాటికి ఆయనకి తొంభై ఏళ్ళు దాటాయి. మా అత్తగారి కన్నా పెద్దాయన! ‘ఇదంతా ఈకాలం పిల్లల గోల’ అని నేనింక అనలేను. తర్వాత 2023లో వ్యక్తిగత సమాచారం మీద చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల వివరాలు కంపెనీలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలట. ఇంటి అవసరాలకి, సొంత పనులకి మనుషులు వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదట.

అంటే నా బిడ్డ విషయంలో కంపెనీలు నన్ను అడగాలి. నేను నా బిడ్డని అడగాలని ఏ చట్టమూ చెప్పదు. అది నాకు నేను చెప్పుకోవాలి.

ఒకరోజు కూర్చుని పాత ఫోటోలన్నీ తీశాను. పక్కన దాన్నీ కూర్చోబెట్టుకున్నాను. ఎక్కాల ఏడుపు వీడియో తీసేయమంది. స్నానం చేయిస్తున్న పసిపిల్ల ఫోటో ఒకటి ఫేస్‌బుక్‌లో ఇన్నేళ్ళూ ఉందని చూసి నాకే ఒళ్ళు జలదరించింది. పన్ను ఊడిన ఫోటో దగ్గర ఆగి, "ఇది ఉండనీ, బాగుంది" అంది. అన్నీ తీసేయమంటుందేమో అని భయపడ్డాను గానీ, సగం పైనే ఉంచుకుంది. అడిగితే పిల్లలు మనం అనుకున్నంత కాదనరు.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఎవరి ఫోటో అయినా వాళ్ళని అడిగాకే పెడతాం. మావారు పొట్ట కనిపిస్తోందని రెండు వద్దన్నారు, అదీ మన్నించాం. రిపోర్టులు, మార్కుల మెమోలు, ఆధార్ కార్డులు గ్రూపుల్లో పెట్టం. డాక్టరు సలహా కావాలంటే ఆ ఒక్క మనిషికే ఫోన్ చేస్తాం. దాని గది తలుపు వేసి ఉంటే తట్టి వెళ్తున్నాను. మొదట్లో నా ఇంట్లో నేను తలుపు తట్టడమేమిటని చెయ్యి మొరాయించింది. ఇప్పుడు అలవాటైంది.

ఇది చదివాక మీలో ఎవరైనా మీ పిల్లల రిపోర్టు ఎక్కడైనా పెట్టి ఉంటే, గడువు దాటకముందే ఒక్కసారి చూసుకోండి. నాలాగా పద్నాలుగు ఫోన్లు చేయాల్సిన పని ఉండదు.

మొన్న రాత్రి అంట్లు సర్దుతుంటే మా అమ్మాయి వచ్చి గట్టు మీద కూర్చుంది. కాసేపు కాళ్ళూపి, "అమ్మా, నీకొకటి చెబుతాను. నాన్నకి కూడా నేనే చెబుతాను, నువ్వు చెప్పకూడదు" అంది. నా ఫోన్ ఫ్రిజ్ మీద ఛార్జింగులో ఉంది. అటు ఒకసారి చూసి, చెప్పింది.

ఏం చెప్పిందో రాయను. నాకు చెప్పింది, అది చాలు.